నీరు నిలవని కుండీ మట్టి: సక్యులెంట్లకు, ఇంటి మొక్కలకు ఎలా కలుపుకోవాలి

‘సక్యులెంట్ అడుగు ఆకులు పసుపుబారి, ముట్టుకుంటే మెత్తగా రాలిపోతున్నాయి. ఏ ఎరువు వేయాలి?’ ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంటుంది. (సక్యులెంట్లంటే కలబంద, జేడ్ లాంటి, మందపాటి ఆకుల్లో నీరు దాచుకునే మొక్కలు.) చాలాసార్లు లోపం ఎరువులో ఉండదు, మట్టిలో ఉంటుంది. నీళ్లు పోసి వారం దాటినా కుండీ నడిమధ్య తడి ఆరదు, వేర్లకు గాలి అందదు, కుళ్లు మొదలవుతుంది. ఆ దశలో ఎరువు వేస్తే మొక్క ఇంకా త్వరగా పోతుంది.

‘పెర్లైట్ కలిపాను, ఇసుక కూడా వేశాను, అయినా నీరు నిలుస్తోంది’ అనేవారూ ఎక్కువే. (పెర్లైట్ అంటే అగ్నిపర్వత గాజును వేడితో పొంగించి చేసిన తెల్లటి, తేలికైన గుల్ల ముక్కలు.) వారు పదార్థం పేరు చూశారు గానీ దాని రేణువు సైజు చూడలేదు. రేణువుల మధ్య పెద్ద ఖాళీలుంటే నీరు కిందికి దిగి, ఆ చోట గాలి చేరుతుంది. సన్నటి పొడి వెళ్లి ఆ ఖాళీల్లో కూర్చుంటే ఎంత మంచి పదార్థమైనా బురదలాగే పనిచేస్తుంది. కాబట్టి కింద చెప్పిన పాళ్లలో కొంచెం అటూ ఇటూ అయినా నష్టం లేదు. జల్లెడ పట్టే పని మాత్రం మానకండి.

కావలసినవి

పనిముట్లు:
- కొలతకు ఒకే డబ్బా (అర లీటరుదైనా, లీటరుదైనా సరే). పాళ్లన్నీ ఘనపరిమాణంలోనే కొలవాలి, తూకంలో కాదు. పెర్లైట్ చాలా తేలిక, ఇసుక చాలా బరువు. తూచి కలిపితే లెక్క పూర్తిగా తప్పుతుంది.
- రెండు జల్లెడలు: ఒకటి సుమారు 2 మి.మీ. రంధ్రాలది, ఇంకొకటి 6 మి.మీ.ది. సన్న జల్లెడ లేకపోతే కిటికీలకు బిగించే దోమల మెష్ వాడుకోవచ్చు.
- వెడల్పాటి తొట్టి, బకెట్, ముక్కుకు మాస్క్, పాత గుడ్డ.

నీటిని వదిలే గరుకు పదార్థాలు (వీటిలో రెండు దొరికితే చాలు): పెర్లైట్, ప్యూమిస్ (అగ్నిపర్వతం నుంచి వచ్చే గుల్ల రాయి), బొగ్గు కాలగా మిగిలే సిండర్, ఇటుక ముక్కలు, ముతక ఇసుక లేదా సన్న గులకరాళ్లు, కట్టెబొగ్గు ముక్కలు.

తేమను పట్టి ఉంచేవి: కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), బాగా మాగిన ఆకు ఎరువు.

పోషకానికి: వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) లేదా పూర్తిగా మాగిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి.

మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్ లాంటి పాకే మొక్కలకు అదనంగా కొబ్బరి డొక్క ముక్కలు లేదా పైన్ బెరడు ముక్కలు.

1. ముందు కుండీని చూడండి

అడుగున రంధ్రం లేని కుండీకి ఏ మిశ్రమమూ పనికిరాదు. అందమైన గాజు పాత్రలో పెట్టాలనుకుంటే మొక్కను రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీలో నాటి, దాన్ని ఆ పాత్రలో దించండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి, నీరంతా కారాక మళ్లీ పెట్టండి.

అడుగున రాళ్ల పొర వేస్తే నీరు బాగా పోతుందని చాలామంది నమ్ముతారు. అది జరగదు. పైనున్న సన్న మట్టి బాగా తడిసి నిండేదాకా నీరు కింద ఉన్న రాళ్ల ఖాళీల్లోకి దిగదు. ఫలితంగా తడి పొర రాళ్లకు పైన, అంటే వేర్లకు మరింత దగ్గరగా నిలుస్తుంది. రంధ్రంలోంచి మట్టి జారకుండా చిన్న మెష్ ముక్క వేస్తే చాలు, మిగతా ఎత్తంతా మిశ్రమంతోనే నింపండి.

ఏ కుండీలోనైనా అడుగున కొంత ఎత్తు వరకు మట్టి పూర్తిగా తడిసే ఉంటుంది. ఒకే మిశ్రమానికి ఈ ఎత్తు లోతైన కుండీలోనూ, లోతు తక్కువ ఉన్న కుండీలోనూ దాదాపు ఒకటే. అందుకే పళ్లెం లాంటి లోతులేని కుండీలో వేర్లకు పొడి చోటు తక్కువ మిగులుతుంది. అలాంటి కుండీలకు గరుకు పదార్థం ఒక పాలు ఎక్కువ వేయండి.

2. కోకోపీట్‌ను కడగండి

ఇటుక ఆకారంలో అదిమి అమ్మే 650 గ్రాముల కోకోపీట్ దిమ్మను తొట్టిలో పెట్టి 3 నుంచి 4 లీటర్ల గోరువెచ్చని నీరు పోయండి. అరగంటలో విచ్చుకుని సుమారు 8 లీటర్లు అవుతుంది. దాన్ని గుడ్డలో వేసి గట్టిగా పిండండి. మళ్లీ నీరు పోసి కలిపి పిండండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే మొదట ముదురు గోధుమ రంగులో వచ్చిన నీరు పలచబడుతుంది. పీచులో మిగిలి ఉండే ఉప్పు పోవడానికే ఈ కడుగుడు. ఉప్పు మిగిలితే ఆకుల కొనలు ఎండుతాయి, లేత వేర్లు మాడతాయి. ప్యాకెట్ మీద ‘కడిగినది’ అనో ‘లో ఈసీ’ (ఉప్పు తక్కువ) అనో రాసి ఉంటే ఒక కడుగు సరిపోతుంది.

పిండాక పరచి సగం ఆరనివ్వండి, పూర్తిగా ఎండనివ్వకండి. బాగా ఎండిన కోకోపీట్ నీటిని వెంటనే పీల్చుకోదు, కలిపేటప్పుడు దుమ్ము కూడా లేస్తుంది.

3. గరుకు పదార్థాలను జల్లెడ పట్టండి

ఎక్కువ మంది వదిలేసే మెట్టు ఇదే, ఫలితాన్ని తేల్చేది కూడా ఇదే.

ముందు 6 మి.మీ. జల్లెడ పట్టండి. పైన మిగిలిన పెద్ద ముక్కలను పగలగొట్టండి, లేదా పెద్ద కుండీలకు దాచుకోండి. కిందికి పడినదాన్ని 2 మి.మీ. జల్లెడ పట్టండి. ఈసారి జల్లెడ మీద మిగిలిందే మీకు కావలసింది. కింద పడిన సన్న పొడిని కుండీల్లో వేయకండి, నేలలో పెరిగే మొక్కల దగ్గర చల్లేయండి. జల్లెడ పట్టగా పదార్థంలో పావు వంతో మూడో వంతో పొడిగా పోతే ఆశ్చర్యపోకండి. ‘ఇంత వృథా అవుతోందే’ అని ఆ పొడిని తిరిగి కలిపితే పడ్డ శ్రమంతా పోయినట్టే.

ఒక్కో పదార్థానికి ఒక్కో జాగ్రత్త ఉంది:

*పెర్లైట్:* పొడిగా ఉన్నప్పుడు దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. సంచి విప్పగానే పైన నీరు చిలకరించండి, మాస్క్ కట్టుకోండి. పొడిగా జల్లించే బదులు బకెట్ నీటిలో వేస్తే ముక్కలు తేలతాయి, పొడి అడుగుకు దిగుతుంది. తేలినవాటిని చేత్తో తీసుకోండి.

*ప్యూమిస్:* పెర్లైట్ కంటే బరువు, కాబట్టి నీళ్లు పోసినప్పుడు అంత సులువుగా పైకి తేలిరాదు, నలిగిపోదు. రెండూ దొరికితే సక్యులెంట్లకు ప్యూమిస్‌నే ఎంచుకోండి.

*ఇసుక:* కంటికి గింజ గింజగా కనిపించే ముతక ఇసుకే కావాలి. గోడల పూతకు వాడే సన్న ఇసుక నీటిని వదలకపోగా కోకోపీట్‌తో కలిసి గట్టిపడుతుంది. సముద్రపు ఇసుక వద్దు, దానిలో ఉప్పూ గవ్వల సున్నమూ ఉంటాయి. రాయిని పిండిచేసి తీసే ఇసుకలో పొడి ఎక్కువ, కడగకుండా వాడకండి. పరీక్ష ఇలా చేయండి: పారదర్శకమైన సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీరు పోసి బాగా కుదిపి రెండు నిమిషాలు ఆగండి. నీరు ఇంకా మట్టి రంగులోనే ఉన్నా, ఇసుక పైన సన్నటి మెత్తటి పొర పేరుకున్నా మళ్లీ కడగాలి.

*ఇటుక ముక్కలు:* బాగా కాలిన ఎర్ర ఇటుకలవే తీసుకోండి. సరిగా కాలని ఇటుక తడిస్తే కరిగి బంకమట్టి అవుతుంది. ముక్కను రాత్రంతా నీటిలో నానబెట్టి పొద్దున వేళ్లతో నలపండి, చెదరకపోతే పనికొస్తుంది. సిమెంటు, సున్నం అంటుకున్న ముక్కలు తీసేయండి. అనుమానం ఉన్న ముక్క మీద వెనిగర్ చుక్క వేస్తే, సున్నం ఉన్నచోట బుడగలు పొంగుతాయి.

*సిండర్:* రెండు మూడుసార్లు కడిగి ఆరబెట్టాకే వాడండి. బూడిద అంటుకుని ఉంటే మిశ్రమం క్షారంగా మారుతుంది.

*బొగ్గు:* మామూలు కట్టెబొగ్గు చాలు. మంట త్వరగా అంటుకోవడానికి రసాయనం పట్టించిన బొగ్గు అస్సలు వద్దు. పది పాళ్లలో ఒకటికి మించి అవసరం లేదు, లేకపోయినా మిశ్రమానికి లోటు రాదు.

4. ఎరువును పరీక్షించండి

మాగిన ఎరువుకు వాన పడ్డ నేల వాసన ఉంటుంది. ఘాటు వాసన వచ్చినా, కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా ఇంకా మాగలేదని అర్థం. అది కుండీలో మాగడం మొదలుపెడితే వేడికి వేర్లు దెబ్బతింటాయి, పురుగులు చేరతాయి. వర్మీకంపోస్ట్‌ను కూడా ఉండలు లేకుండా నలిపి 6 మి.మీ. జల్లెడ పట్టండి. 10 లీటర్ల మిశ్రమానికి 50 గ్రాముల వేపపిండి చాలు. దాన్ని పైన చల్లితే తెల్లటి బూజు పడుతుంది, లోపల కలిసిపోయేలా కలపండి.

5. పాళ్లు కొలిచి కలపండి

కింద ఒక్కో రకానికి మొత్తం 10 డబ్బాల లెక్క ఇస్తున్నాం. కలిపాక చేతికొచ్చేది 8 నుంచి 9 డబ్బాలే ఉంటుంది. చిన్న రేణువులు పెద్దవాటి సందుల్లో సర్దుకోవడం వల్ల అలా తగ్గుతుంది.

- ఎచెవేరియా, సెడమ్, జేడ్, కలబంద, హావర్తియా: కోకోపీట్ 3, పెర్లైట్ లేదా ప్యూమిస్ 4, ఇటుక ముక్కలు లేదా ముతక ఇసుక 2, వర్మీకంపోస్ట్ 1.
- కాక్టస్: కోకోపీట్ 2, ప్యూమిస్ లేదా ఇటుక ముక్కలు 4, గులకరాళ్లు లేదా ముతక ఇసుక 3, వర్మీకంపోస్ట్ 1. రాళ్లలా కనిపించే లిథాప్స్‌కైతే కోకోపీట్, ఎరువు రెండూ కలిపి ఒక్క డబ్బా చాలు, మిగతా 9 గరుకు పదార్థమే.
- స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్: కోకోపీట్ 4, పెర్లైట్ 3, ఇటుక ముక్కలు 2, వర్మీకంపోస్ట్ 1.
- మనీప్లాంట్, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్: కోకోపీట్ 3, కొబ్బరి డొక్క లేదా బెరడు ముక్కలు 3, పెర్లైట్ 2, వర్మీకంపోస్ట్ ఒకటిన్నర, బొగ్గు అర.
- పీస్ లిల్లీ, కలాథియా, ఫెర్న్: కోకోపీట్ 5, పెర్లైట్ 2, ఆకు ఎరువు 2, డొక్క ముక్కలు 1. ఇవి తేమ కోరే మొక్కలు. సక్యులెంట్ మిశ్రమంలో పెడితే ఆకుల అంచులు ఎండిపోతాయి.

కొబ్బరి డొక్క ముక్కలను కూడా కోకోపీట్‌లాగే నానబెట్టి కడగాలి. వాటిలోనూ ఉప్పు ఉంటుంది.

కలిపే వరుస కూడా ముఖ్యమే. ముందు కోకోపీట్, ఎరువు, వేపపిండి కలిపి ఉండలు విడగొట్టండి. తర్వాత బరువైన ఇసుకను, ఇటుకను కలపండి. పెర్లైట్‌ను చివర్లో వేసి చేతులతో కింది నుంచి పైకి ఎత్తి తిప్పండి. మొదటే వేసి పిసికితే పెర్లైట్ నలిగి మళ్లీ పొడి తయారవుతుంది.

మీ ఇంటి పరిస్థితిని బట్టి ఒక డబ్బా అటూ ఇటూ మార్చుకోండి. గాలిలో తేమ ఎక్కువ ఉన్నా, కుండీ ప్లాస్టిక్‌దైనా, వెలుతురు తక్కువైనా, నీళ్లు తరచుగా పోసే అలవాటున్నా గరుకు పదార్థం ఒక డబ్బా పెంచి కోకోపీట్ ఒకటి తగ్గించండి. పొడి గాలి, గట్టి ఎండ, మట్టి కుండీ అయితే దానికి తిరగేసి చేయండి. మట్టి కుండీ గోడల గుండా కూడా తడి ఆరుతుంది కాబట్టి అదే మిశ్రమం అందులో త్వరగా పొడిబారుతుంది.

6. నాటేముందు పరీక్షించండి

మూడు పరీక్షలున్నాయి. మొదటిది అరనిమిషం పని. కొద్దిగా తడిపిన మిశ్రమాన్ని గుప్పిట్లో బిగించి వదలండి. సక్యులెంట్ మిశ్రమం వెంటనే విడిపోవాలి. ఇంటి మొక్కల మిశ్రమం ముద్దగా నిలిచినా వేలితో తాకగానే పగలాలి. వేళ్ల గుర్తులు పడి గట్టి ముద్దగా మిగిలితే పొడి ఎక్కువైందని అర్థం.

రెండోది పోత పరీక్ష. చిన్న కుండీ నింపి నీరు పోసి మిశ్రమం మొత్తం తడిసేలా చేయండి. కారడం ఆగాక ఒక గ్లాసు నీరు ఒకేసారి పోయండి. సక్యులెంట్ మిశ్రమంలో నీరు పైన నిలవకుండా 10 సెకన్లలోపే లోపలికి దిగిపోవాలి. ఇంటి మొక్కలకు అరనిమిషం దాకా పర్వాలేదు. మొదటిసారి పోసినప్పుడు వచ్చిన ఫలితాన్ని నమ్మకండి. పొడి మిశ్రమంలో నీరు పక్కల నుంచి జారిపోయి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది.

మూడోది కొలిచి చూసే పరీక్ష. కొంచెం ఓపిక కావాలి గానీ అంచనాలతో పనిలేకుండా సంఖ్య చేతికొస్తుంది:

అ) కుండీ రంధ్రాలను లోపలి నుంచి టేపుతో మూసి, మిశ్రమం ఎంత ఎత్తుకు నింపుతారో అంత వరకు నీరు నింపి కొలవండి. అది 1000 మి.లీ. అనుకుందాం.
ఆ) నీరు పారబోసి, లోపలి టేపు తీసేసి మిశ్రమం నింపండి. రెండుసార్లు నీళ్లు పోసి కారనివ్వండి, అప్పుడు మిశ్రమం సర్దుకుంటుంది. కుంగినచోట మళ్లీ నింపండి.
ఇ) రంధ్రాలను ఈసారి బయటి నుంచి మూసి, పైన నీటి మెరుపు కనిపించేదాకా నెమ్మదిగా నీరు పోయండి. అరగంట ఆగి, తగ్గితే మళ్లీ పోయండి.
ఈ) కింద గిన్నె పెట్టి టేపు తీయండి. కారడం ఆగేదాకా ఉంచి ఆ నీటిని కొలవండి.

కారిన నీరు 280 మి.లీ. అయితే మిశ్రమంలో గాలికి 28 శాతం చోటు ఉన్నట్టు. సక్యులెంట్లకు 25 శాతం పైన, ఇంటి మొక్కలకు 15 నుంచి 25 శాతం మధ్య రావాలి. తక్కువ వస్తే పెర్లైట్ పెంచేముందు ఒకసారి జల్లెడ పట్టి చూడండి. పొడి తీసేయడంతోనే సంఖ్య పెరగవచ్చు.

7. నాటడం, మొదటి నీళ్లు

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేర్ల చుట్టూ ఉన్న పాత ముద్దను అలాగే ఉంచి చుట్టూ కొత్త మిశ్రమం నింపడం పెద్ద పొరపాటు. బంకమట్టి ముద్ద అయితే మధ్యలో తడి అలాగే ఉండిపోతుంది. కోకోపీట్ ముద్ద ఒకసారి ఎండిందంటే పోసిన నీరంతా దాని పక్క నుంచే జారిపోతుంది. సక్యులెంట్ అయితే ముద్దను పొడిగా ఉన్నప్పుడే వేళ్లతో విడగొట్టి పాత మట్టి వీలైనంత రాల్చేయండి. సున్నితమైన వేర్లున్న ఇంటి మొక్కల ముద్దను నీటిలో నానబెట్టి వదులు చేయండి.

వేర్ల ముద్ద కంటే 2 నుంచి 3 సెం.మీ. మాత్రమే వెడల్పున్న కుండీ ఎంచుకోండి. పెద్ద కుండీలో వేర్లు చేరని మట్టి రోజుల తరబడి ఆరదు. మిశ్రమాన్ని అదిమి పెట్టకండి, కుండీని నేల మీద రెండు మూడుసార్లు తట్టండి. పెర్లైట్ తేలకుండా పైన ఒక సెం.మీ. గులకరాళ్లు పరవండి.

సక్యులెంట్లకు, కాక్టస్‌కు నాటాక 4 నుంచి 7 రోజులు నీళ్లు పోయకండి. వేర్లకు తగిలిన గాయాలు ఈలోపు ఆరతాయి. ఆకుల కోసం పెంచే ఇంటి మొక్కలకు మాత్రం నాటిన వెంటనే నిండా పోయండి.

ఆ తర్వాత మిశ్రమం ఎంత త్వరగా ఆరుతోందో గమనించండి. సన్న వెదురు పుల్లను అడుగుదాకా గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి చూడండి. తడి రంగు, అంటుకున్న మట్టి ఎక్కడిదాకా ఉన్నాయో కనిపిస్తుంది. నీళ్లు పోసిన రోజు, వారం తర్వాత కుండీని చేత్తో ఎత్తి బరువు పోల్చడం కూడా మంచి అలవాటు. 10 నుంచి 12 సెం.మీ. కుండీలో సక్యులెంట్ మిశ్రమం వెచ్చని వాతావరణంలో వారంలోపు అడుగుదాకా ఆరాలి. పది రోజులైనా పుల్ల తడిగా వస్తే మిశ్రమం మార్చాల్సిందే. పైపైన పొడవడం, రంధ్రాలు చేయడం పనిచేయవు. దానికి భిన్నంగా రెండు రోజులకే ఆరిపోయి ఆకులు ముడుచుకుంటుంటే తదుపరి కలిపేటప్పుడు కోకోపీట్ ఒక డబ్బా పెంచండి.

తరచుగా జరిగే పొరపాట్లు

*పెర్లైట్ బదులు వర్మిక్యులైట్ వేయడం.* పేర్లు దగ్గరగా ఉన్నా వర్మిక్యులైట్ నీటిని పట్టుకుంటుంది, కొన్నాళ్లకు నలిగి అణిగిపోతుంది. విత్తనాలు మొలకెత్తించడానికి మంచిది, సక్యులెంట్లకు వద్దు.

*నేల మట్టినే ఆధారం చేసుకోవడం.* నేలలో వానపాములు, పెద్ద వేర్లు, లోతు కలిసి మట్టిని గుల్లగా ఉంచుతాయి. కుండీలో అవేవీ లేవు, రెండు మూడు నెలల్లో గట్టిపడుతుంది. వాడక తప్పకపోతే ఇసుక పాలు ఎక్కువున్న మట్టినే, పదింట ఒకటిన్నర పాళ్లు మించకుండా వేయండి.

*ఎరువు మోతాదు పెంచడం.* వర్మీకంపోస్ట్ సన్నటి పదార్థం. మూడు నాలుగు డబ్బాలు వేస్తే పోషకం మాట అటుంచి గాలి ఖాళీలు మూసుకుపోతాయి, తడికి చిన్న నల్ల ఈగలు చేరతాయి. గరుకు మిశ్రమంలో పోషకం తక్కువే, నిజం. ఆ లోటును మొక్క పెరిగే కాలంలో నెలకోసారి ద్రవ ఎరువును ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో సగానికి పలచన చేసి పోయడంతో తీర్చండి.

*ఎండిన మిశ్రమం మీద కొంచెం కొంచెంగా నీళ్లు చల్లడం.* పైన తడుస్తుంది, లోపలి కోకోపీట్ పొడిగానే ఉంటుంది. నీరు పీల్చుకోవడం మానేసిన కుండీని వెడల్పాటి గిన్నెలో నీరు పోసి 20 నిమిషాలు కూర్చోబెట్టండి. పైపొర తడి తేలాక తీసి పూర్తిగా కారనివ్వండి.

మిగిలిన మిశ్రమం, పాత మిశ్రమం

మిగిలినదాన్ని నీడలో ఆరబెట్టి మూత ఉన్న డబ్బాలో దాచుకోండి. తడిగా మూస్తే బూజు పడుతుంది. ఎరువు కలపకుండా దాచి, వాడే రోజున కలుపుకుంటే ఇంకా మేలు.

కుండీలో ఉన్న మిశ్రమం ఏడాదిన్నర, రెండేళ్లకు కుళ్లి సన్నబడుతుంది. నీరు మెల్లగా దిగుతున్నా, మిశ్రమం కుంగి కుండీ అంచు ఎక్కువగా బయటపడుతున్నా మార్చే సమయం వచ్చినట్టే. పాతదాన్ని ఎండబెట్టి 2 మి.మీ. జల్లెడ పట్టండి. పైన మిగిలిన పెర్లైట్, ఇటుక, రాళ్లను కడిగి మళ్లీ వాడుకోవచ్చు. మొక్క వేరుకుళ్లుతో చనిపోయిన కుండీదైతే దేన్నీ తిరిగి వాడకండి, కుండీని కూడా సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాకే మరో మొక్క నాటండి.